ఇరవై మూడు డిటోలు

డైరీ రాసేవాడికి ఒక ధీమా ఉంటుంది. ఎక్కడ వాదన వచ్చినా లేచి వెళ్ళి, అల్మారా తెరిచి, ఆనాటి పేజీ తీసి ఎదుటివాడి ముందు పెట్టగలనన్న ధీమా. ఇంట్లో ఏ పెళ్ళికి ఎవరు ఆలస్యంగా తయారయ్యారన్న దగ్గర్నుంచి, కాలేజీలో ఏ బీకరు ఎవరి చేతిలో పగిలిందన్న దాకా నా దగ్గర ఆధారం ఉండేది. అందుకే నాతో ఎవరూ వాదన పెట్టుకునేవాళ్ళు కాదు. అది గౌరవం అనుకున్నాను. ముప్పై ఆరేళ్ళు అలాగే అనుకున్నాను. ఉద్యోగంలో ముప్పై ఏడో ఏట, రిటైర్ కావడానికి కొద్ది నెలల ముందు, చిటికెన వేలంత వస్తువులు ఇరవై నాలుగు వచ్చి ఆ ధీమాను ఊడ్చుకుపోయాయి.

మీలో చాలామంది కంప్యూటర్ల మీద బతుకుతున్నవాళ్ళు. ఆ పని నాకంటే మీకే బాగా తెలుసు. అయినా ఈ ముచ్చట మీకే చెప్పాలనిపించింది. ఎందుకంటే ఇందులో కంప్యూటర్ చేసిన తప్పు ఒక్కటి కూడా లేదు.

మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాను. కంప్యూటర్ ల్యాబ్ పెట్టినప్పుడు దానికి కూడా నన్నే ఇన్‌చార్జిని చేశారు. నాకు కంప్యూటర్ వచ్చని కాదు, స్టాకు రిజిస్టర్ కొట్టివేతలు లేకుండా రాస్తానని. పాఠం చెప్పడానికి, యంత్రాలు నడపడానికి యాప్రాల్ నుంచి ఒక మేడం వచ్చేవారు. ముప్పై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవారు, మిగతా ఆరు రోజులు మా దగ్గర ఇంకో రకం కీబోర్డు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా కాలేజీ సెక్రటరీ సంతకం పెడితేనే మరుసటి ఏడు ఉంటుంది.

సెక్రటరీ గారిది ఆ చుట్టుపక్కల పాత భూస్వాముల కుటుంబం. శామీర్‌పేట వైపు ద్రాక్షతోట, పేట్ బషీరాబాద్ దాకా ప్లాట్ల వ్యాపారం, మధ్యలో మా కాలేజీ. మనిషి చెడ్డవాడు కాదు. ఏ విషయమైనా ఒక్క మాటలో చెప్పమనేవాడు, అంతే. నాలాంటివాడికి అంతకంటే కష్టమైన యజమాని ఉండడు.

ల్యాబ్‌లో మొదట తీగలతోనే నెట్ ఉండేది. పందికొక్కులు ఆ తీగలను రెండుసార్లు కొరికాయి. మూడోసారి కొరికేలోపు సెక్రటరీ గారు గది నిండా కొత్త టైల్స్ వేయించారు. మళ్ళీ తీగలు లాగుతామని మేడం అడిగితే ఆయన తలుపు దగ్గర్నుంచే తేల్చేశారు.

"టైల్స్ కొత్తగ ఏపిచ్చిన. డ్రిల్లు మిషిన్ వట్టుకోని ఎవడన్న గోడ దగ్గరికి వోతే నేనూకోను. తీగ లేకుంట నడ్వదా ఏంది?"

"నడుస్తది సార్. ఒక్కొక్కదానికి వైఫై డాంగిల్ పెట్టాలె."

"అయితే వెట్టున్రి. నన్నెందుకు అడుగుతున్నరు?"

మా కంప్యూటర్లలో ఉన్నది లైనక్స్ అనే వ్యవస్థ. లోపలి రాత అంతా ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇల్లు కట్టినవాడు తాళంచెవితోపాటు ప్లాను కూడా చేతిలో పెట్టినట్టన్నమాట. అంతకుముందున్న దొంగ కాపీలను తీసేసి మేడమే అది ఎక్కించారు. అందులో చిక్కు ఒక్కటే. డాంగిల్ చేసే కంపెనీలు ఇంకో వ్యవస్థను దృష్టిలో పెట్టుకుని చేస్తాయి. మన దగ్గర అది పలకాలంటే డాంగిల్‌కూ కంప్యూటర్‌కూ నడుమ ఒక దుబాసీ కావాలి. దాన్నే డ్రైవర్ అంటారు. డాంగిల్ లోపల ఏ చిప్పు ఉంటే ఆ చిప్పు భాష తెలిసిన దుబాసీనే తేవాలి. పై డబ్బా ఏ కంపెనీదన్నది దానికి అక్కర్లేదు.

ఇరవై నాలుగు డాంగిల్స్, కంప్యూటర్‌కు గుచ్చితే గాలిలోంచి నెట్ పట్టే పుల్లలు, ఒకే అట్టపెట్టెలో వచ్చాయి. ఒకే కంపెనీ, ఒకే బొమ్మ, ఒకే రంగు. ఒక్కోదాని మొనకు ఒక మూత, తోడుగా ఒక చిన్న సీడీ. మా వ్యవస్థకు ఆ సీడీలు పనికిరావని మేడం అనగానే సెక్రటరీ గారు మనిషిని పంపి అన్నీ తెప్పించుకుని ద్రాక్షతోటలో పిట్టలు రాకుండా దారాలకు వేలాడదీయించారు. ఆ డాంగిల్స్ వల్ల మొట్టమొదట బాగుపడ్డవి ద్రాక్షపళ్ళే.

నేను నా పద్ధతిలో దిగాను. మేడంను పిలిచి మొదటి డాంగిల్ పెట్టించాను. ఆమె ఒక చిన్న కమాండ్ కొడితే లోపలి చిప్పు పేరు, నంబర్ తెర మీదికి వచ్చాయి. రిజిస్టర్‌లో ఒకటో వరసలో అందంగా రాసుకున్నాను. అంతలో ఆమెకు క్లాసు గంట కొట్టారు.

"మిగిలినయి గూడ ఒక్కొక్కటి చూద్దాం సార్, తరగతి అయినంక వస్త."

"మీరు పొండమ్మా. నేను చూసుకుంట."

నేను చూసుకున్నది ఏమిటంటే రిజిస్టర్‌ను. ఒకే పెట్టెలో వచ్చిన సరుకు ఒకటే అవుతుందన్నది ల్యాబ్‌లో మా తరం నమ్మకం. పై గడిలో ఉన్నదే కింద కూడా అని చెప్పడానికి రిజిస్టర్లలో రెండు చిన్న గీతలు పెడతాం కదా, డిటో. రెండో వరస నుంచి ఇరవై నాలుగో వరస దాకా ఆ గీతలు దించాను. స్కేలు పెట్టి చూసినా ఒకదాని కింద ఒకటి నిట్టనిలువుగా ఉంటాయి. ఆ రోజు డైరీలో "రిజిస్టర్ పని సంతృప్తికరం" అని రాసుకున్నాను.

తర్వాత ప్రతి డాంగిల్ మీద నంబర్ చీటీ అంటించాను. అంటించడానికి అనువైన చోటు ఒక్కటే ఉంది, వెనకవైపు చదునుగా ఉన్న భాగం. అక్కడ కంపెనీవాళ్ళు చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో అచ్చు వేశారు. అంత చిన్నగా రాసింది ముఖ్యమైనది అయి ఉండదనుకుని దాని మీదే బంక రాశాను.

గోడ మీద తొమ్మిది నియమాలు టైప్ చేయించి పెట్టాను. నాలుగో నియమం: ఒక కంప్యూటర్ డాంగిల్ ఇంకో కంప్యూటర్‌కు పెట్టరాదు. ఏడో నియమం: సాయంత్రం డాంగిల్స్ తీసి మూతలు పెట్టవలెను, ఉదయం మూతలు తీయవలెను. తొమ్మిదో నియమం: ఇన్‌చార్జి రాసుకుంటున్నప్పుడు ఎవరూ మాట్లాడరాదు. మూతల పని ఆయమ్మకు అప్పగించాను. గదులు ఊడ్చి, బల్లలు తుడిచి, చాయ్ పెట్టే మనిషి. ఆమెకు చదువు రాదు, అందుకని నియమాలు నేనే చదివి వినిపించాను. తొమ్మిదోది రెండుసార్లు.

మేడం ఒకటో వరసలో నేను రాసిన చిప్పుకు తగ్గ డ్రైవర్ వెతికి తెచ్చి అన్నిట్లోనూ ఎక్కించారు. ఒకటి నుంచి పదమూడు దాకా చక్కగా నెట్ పట్టాయి. పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు దాకా పట్టలేదు. ఆ పదకొండూ దక్షిణం గోడ పొడుగునా ఉన్నాయి.

ఇక చూడండి మా పరిశోధన. వైఫై పెట్టె నుంచి ప్రతి కంప్యూటర్‌కు ఎంత దూరమో టేపు పెట్టి కొలిచి పట్టిక వేశాను. పట్టని వాటిలో ఒకటి పెట్టెకు అన్నిటికంటే దగ్గరగా ఉంది. ఇనుప అల్మారా అడ్డమన్నాను. దాన్ని నలుగురం కలిసి వరండాలోకి లాగాం. అప్పటికీ పట్టలేదు. పక్కన ఫంక్షన్ హాల్ మైకులన్నాను. పెళ్ళిళ్ళు లేని రోజు కోసం ఆగి చూశాం. అప్పుడూ అంతే. మేడం ఆ పదకొండింట్లో వ్యవస్థ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించారు. ఒకసారి కాదు, మూడు సార్లు. నేను చూశానని చెప్పినదాన్ని తప్ప ప్రతిదాన్నీ ఆమె చూశారు.

ఒకరోజు ఆమె పద్నాలుగో కంప్యూటర్ ముందు కూర్చుని అడిగారు. "సార్, మూడో నంబర్ డాంగిల్ తీసి ఒక్కసారి దీనికి పెట్టి చూద్దామా?"

నేను గోడ మీద నాలుగో నియమం చూపించాను.

"ఒక్క నిమిషమే సార్."

"నిమిషమైనా రిజిస్టర్ రిజిస్టరే గదమ్మా. మూడోది పద్నాలుగుకు పోతే మూడోదెక్కడున్నదని రాయాలె?"

"పోనీ దీని చిప్పు ఏందో చూడనా?"

"రాసి ఉన్నది గద." రిజిస్టర్ తీసి పద్నాలుగో వరస మీద వేలు పెట్టాను. రెండు గీతలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆమె వాటి వైపు చూసి, నా వైపు చూసి, నిట్టూర్చి మళ్ళీ వ్యవస్థ తుడవడం మొదలుపెట్టారు. నా రాత మీద ఆమెకు అంత గురి. ఆ గురి సంపాదించడానికి నాకు ముప్పై ఆరేళ్ళు పట్టింది.

సెక్రటరీ గారికి విషయం తెలిసి ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన గది నడుమ నిలబడి చుట్టూ చూసి, పట్టనివన్నీ దక్షిణం గోడకే ఉన్నాయని వినగానే కళ్ళు మూసుకున్నాడు.

"గాలిల వచ్చేటి సమాచారం దక్షిణాన నిల్వది. ఉత్తరానికి మార్చున్రి."

మార్చాం. ఉత్తరాన ఉన్న పదకొండు దక్షిణానికి, దక్షిణాన ఉన్న పదకొండు ఉత్తరానికి. నాలుగో నియమం ప్రకారం ఎవరి డాంగిల్ వారితోనే వెళ్ళింది. దక్షిణానికి వచ్చినవి హాయిగా నెట్ పట్టాయి. ఉత్తరానికి పోయినవి పట్టలేదు. సిద్ధాంతి ఏమీ తడబడలేదు.

"ఇన్ని దినాలు దక్షిణం సూసినయి గద. ఆ గుణం వట్టింది. ఇగ నలభై రోజులు వడ్తది."

అది కూడా డైరీలో రాసుకుని వేళ్ళ మీద లెక్కబెట్టాను. విశ్వవిద్యాలయం నుంచి తనిఖీవాళ్ళు ఇరవై రోజుల్లో వస్తున్నారు. ల్యాబ్‌లో అన్ని కంప్యూటర్లూ నెట్‌తో నడిస్తేనే కంప్యూటర్ కోర్సుకు అనుమతి పొడిగిస్తారు.

"నలభై దినాలు ఆగనీకె ఆళ్ళు మన చుట్టాలా?" అన్నారు సెక్రటరీ గారు. తర్వాత మేడం వైపు తిరిగారు. "సూడు మేడం. కోర్సు వోతే నీ పోస్టు వోతది. కోర్సు నిలవడ్డా, నెలన్నరసంది పదకొండు మిషిన్లు వండవెట్టినోళ్ళకు మల్ల సంతకం వెట్టాల్నా అని నేను ఆలోచించాలె. మా బామ్మర్ది బిడ్డ సుచిత్ర చౌరస్తా కాడ కంప్యూటర్ కోర్సు నేర్చుకున్నది. ఖాళీగనే ఉన్నది."

మేడం మళ్ళీ పద్నాలుగో కంప్యూటర్ వైపు తిరిగారు. ఆమె భర్త పనిచేసే కంపెనీ మూతపడిందని, ఇల్లు ఆ నెలల్లో ఆమె జీతం మీదే నడుస్తోందని మా అందరికీ తెలుసు.

వెళ్తూ వెళ్తూ ఆయన నన్ను పక్కకు పిలిచారు. "సారు, నీ దగ్గర రోజువారీగ రాసి ఉంటది గద. మేడం ఏమేం జేసింది, ఏది కాలే, ఒక రిపోర్టు రాసియ్యి."

ఇక్కడ నా మీద జాలిపడకండి. నేను ఎంతో సంతోషంగా రాసిచ్చాను. ఇన్నేళ్ళలో నా డైరీని అడిగి తీసుకున్న యజమాని ఆయన ఒక్కడే. నాలుగు పేజీలు, పట్టికతో సహా. శీర్షిక "మేడం చేసిన ప్రయత్నములు, ఫలితములు". వరసకు నలభై ఒక్క ప్రయత్నాలు, ఫలితం గడిలో నలభై ఒక్కసారి "విఫలము". అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే దాని దరిద్రం.

మరునాడు ఆఫీసులో ఎవరో ఆ కాగితాలు మేడంకు చూపించారు. ఆమె ల్యాబ్‌కు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. తిడతారేమోనని కలం పక్కన పెట్టాను.

"సార్, అయిదో తారీకు పదకొండు గంటలకు నేను నిట్టూర్చిన అని గూడ రాసిన్రు."

"నిట్టూర్చిన్రు గదమ్మా."

"అది గూడ విఫలమేనా?"

ఆ రోజు పేజీలో వాతావరణం గురించి రాసి ముగించాను.

తనిఖీ రోజు వచ్చింది. వాళ్ళు పదకొండు గంటలకు వస్తామన్నారు. నేను ఎనిమిదింటికల్లా చేరాను. ఆయమ్మ అప్పటికే బల్లలు తుడుస్తోంది. మేడం ఓ మూల పద్నాలుగో కంప్యూటర్ ముందు, ఇక చేసేదేమీ లేనివాళ్ళలాగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను రిజిస్టర్ తెరవబోతుంటే ఆయమ్మ గుడ్డ పిండుకుంటూ దగ్గరికి వచ్చింది.

"సారూ, ఇంక రాస్తలేవు గద. ఒక్కటడుగుతా."

"అడుగమ్మా."

"ఇయ్యాల పెద్దోళ్ళొస్తరు గద, టోపీలు ఏ డబ్బల వెట్టాలె? ఒక్క డబ్బల వెడ్తె మల్ల ఏరుకునుడు నాతోని కాదు."

"ఏరుడేంది? మూతలన్నీ ఒకటే గద."

ఆమె నన్ను కొంచెం దయగా చూసింది. "ఒకటెట్లయితయి సారూ. పదమూడు పుల్లల టోపీలు దొడ్డయి. పదకొండింటియి సన్నయి. దొడ్డది సన్నదానికి ఏస్తే జారి వడ్తది. సన్నది దొడ్డదానికి ఎక్కనే ఎక్కది. మొదటి వారం మస్తు పరేషానైన. ఇగ నేనే రెండు డబ్బలు వెట్టుకున్న."

పదమూడు, పదకొండు. నా డైరీలో రెండు నెలలుగా ప్రతి పేజీ మీదా ఉన్న అంకెలు ఆమె నోట్లోంచి వచ్చాయి.

"ఎప్పటిసంది తెల్సమ్మా నీకు?"

"తెచ్చిన వారంకెల్లే."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వెప్పుడు సూసినా రాస్తనే ఉంటివి. రాస్తుంటే మాట్లాడొద్దని గోడకు గూడ అంటువెడ్తివి."

ఆమె చేతిలోని తడిగుడ్డ తీసుకుని పద్నాలుగో డాంగిల్ మీద నా చీటీని రుద్దాను. నా బంక గట్టిది, తేలిగ్గా రాలేదు. వచ్చాక కింద చీమ తలకాయంత అచ్చు కనిపించింది. భూతద్దం నా సొరుగులో ఎప్పుడూ ఉంటుంది. అందులో చూస్తే కంపెనీ పేరు పక్కన రెండు అంకె. ఒకటో డాంగిల్ చీటీ పీకి చూస్తే అక్కడ ఒకటి అంకె. పైన అదే బొమ్మ, అదే రంగు. లోపల కంపెనీవాళ్ళు చిప్పు మార్చేసి, ఆ సంగతి తమకు తోచినంత చిన్నగా చెప్పారు. దాని మీద నేను అంటించాను.

అక్కడ ఒక్క క్షణం నా బుద్ధి ఏం చేసిందో కూడా మీకు చెప్పాలి. చీటీలన్నీ గబగబా పీకేసి, "అరె, కంపెనీ ఎంత మోసం జేసింది" అంటే సరిపోతుందనిపించింది. ఆయమ్మ నా ముఖం చూస్తూ నిలబడి ఉంది. మేడంను పిలిచాను.

ఆమె పద్నాలుగో దానికి కమాండ్ కొట్టారు. తెర మీద వేరే చిప్పు పేరు వచ్చింది. ఆమె నా రిజిస్టర్ లాక్కుని పై నుంచి కిందికి చూశారు.

"సార్, ఒక్కటి గూడ చూడకుంటనే ఇరవై మూడు సార్లు ఎట్ల పెట్టిన్రు ఇవి?"

"చెయ్యి తిరిగింది గదమ్మా."

ఆమె నవ్వారో ఏడ్చారో ఇప్పటికీ చెప్పలేను. డైరీలో "మేడం శబ్దం చేశారు" అని మాత్రం ఉంది.

తర్వాత ఆమె ఫోన్‌ను తీగతో కంప్యూటర్‌కు తగిలించి, ఆ రెండో చిప్పుకు దుబాసీని వెతికి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. అయితే అది సిద్ధంగా వండిపెట్టిన అన్నం కాదు. ప్రతి కంప్యూటర్‌లోనూ దాని రాతను అక్కడికక్కడ ఉడికించుకోవాలి. మా ముసలి యంత్రాలకు అదొక్కటే పదిహేను నిమిషాలు పట్టేది. పద్నాలుగోది తొమ్మిదిన్నరకు నెట్ పట్టింది. మేడం పెన్‌డ్రైవ్ పీకి పదిహేనుకు నడిచారు.

తనిఖీవాళ్ళు పదకొండుకు కాదు, పదింటికే వచ్చారు. ఒకాయన, ఒకావిడ. ఇంకా ఎనిమిది యంత్రాలు మిగిలి ఉన్నాయి.

"సార్, ఒక్క గంట ఆపున్రి," అన్నారు మేడం తల ఎత్తకుండానే. "ఎట్లన్న జేసి. ఇగ రెండ్రెండు ఒక్కసారే ఉడికిస్త."

"ఆయమ్మా, అన్నీ పలికినంక చాయ్ తే. చాయ్ వచ్చేదాక నేనాపుత," అని చెప్పి, స్టాకు రిజిస్టర్లన్నీ చంకన పెట్టుకుని ఆఫీసు గదికి పోయాను.

నా జీవితంలో నా అసలు విద్య పనికొచ్చిన గంట అది. ల్యాబ్ చూసే ముందు రిజిస్టర్లు చూడడం పద్ధతి అని వినయంగా చెప్పి మొదటి రిజిస్టర్ మొదటి పేజీ తెరిచాను. గాజు పట్టకాలు ఆరు. అందులో ఒకటి అంచు విరిగినది. ఎప్పుడు విరిగింది, ఎలా విరిగింది, విరిచినవాడు ఇప్పుడెక్కడ ఉన్నాడు. లోలకాలు పన్నెండు. ఒక దాని దారం మార్చబడింది. పాత దారం భద్రపరచబడింది. చూస్తారా? ఆయన వద్దన్నారు. ఆవిడ గడియారం చూసుకున్నారు. సెక్రటరీ గారు నా వైపు కళ్ళెర్రజేశారు. నేను అయస్కాంతాల్లోకి దిగాను. చివరికి సెక్రటరీ గారు, "ఇగ చాయ్ తాగి ల్యాబ్‌కు పోదాం," అన్నారు. చాయ్ రాలేదు. "ఏమైతాంది ఆ చాయ్?" అని రెండుసార్లు అరిచారు. నేను కటకాల దాకా వచ్చేసరికి తనిఖీకి వచ్చినాయన గడ్డం ఛాతీకి ఆనింది.

నేను ఉష్ణమాపకాలు చదువుతుండగా ఆయమ్మ చాయ్ పళ్ళెంతో వచ్చింది. అంతగా ఎదురుచూసిన చాయ్ నేను ఇంకెక్కడా తాగలేదు.

ల్యాబ్‌లో ఆవిడ ఏ కంప్యూటర్ చూపిస్తే దాని దగ్గర కూర్చునే రకం కాదు. వరస పొడుగునా నడిచి, సరిగ్గా ఇరవై నాలుగో దాని ముందు కూర్చున్నారు. ఆమె ఒక పేజీ తెరిచారు, తెరుచుకుంది. ఇంకోటి తెరిచారు. అదీ తెరుచుకుంది. లేచి, "ఉచిత వ్యవస్థ మీద ఇన్ని నడిపిస్తున్నారే, బాగుంది," అని రాసుకున్నారు. మేడం నుదుటి మీద చెమట, చేతిలో ఇంకా వేడి తగ్గని పెన్‌డ్రైవ్. కోర్సు నిలిచింది.

కాని మేడం పోస్టు ఇంకా నిలవలేదు. తనిఖీవాళ్ళ కారు గేటు దాటగానే సెక్రటరీ గారు తన గదిలో నా నాలుగు పేజీల రిపోర్టు ముందు పెట్టుకున్నారు. పక్కన మేడం పొడిగింపు కాగితం, సంతకం లేకుండా.

"ఒక్క పొద్దుల అయ్యే పనికి రెండు నెలలు వట్టిందంటే ఏమనాలె? నీ కాగితంలనే ఉన్నది సారు. నలభై ఒక్క సార్లు విఫలం."

"అది సగమే సార్. మిగిలిన సగం డైరీల ఉన్నది. చదువుత."

"ఒక్క మాటల చెప్పు. మూడింటికి నాకు రిజిస్ట్రేషన్ ఉన్నది."

"ఒక్క మాటల చెప్తే మీరు నమ్మరు సార్. ఆధారంతోని చెప్పాలె." కుర్చీ లాక్కుని కూర్చుని, అద్దాలు తుడుచుకుని, డాంగిల్స్ వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టాను. అట్టపెట్టె కొలతలు. దాని మీద అతికిన టేపు రంగు. ద్రాక్షతోటకు వెళ్ళిన సీడీల సంఖ్య. రెండో రోజు. మూడో రోజు. నాలుగో రోజు పేజీలో నాకే తెలియకుండా ఒక వాక్యం ఎదురైంది: "ఆయమ్మ మూతలకు రెండో డబ్బా వాడుచున్నది. కారణం తెలియదు. డబ్బా వృథా." రెండు నెలల చిక్కుకు పరిష్కారం నా సొంత చేతిరాతలో, నాలుగో రోజునే ఉంది. పైగా డబ్బా వృథా అని రాశాను.

సెక్రటరీ గారి ఫోన్ మోగింది. "ఆ, వస్తున్న, బయల్దేరిన," అన్నారు కుర్చీలోంచి కదలకుండా. నేను అయిదో రోజుకు పేజీ తిప్పాను.

"ఇంక ఎన్ని పేజీలున్నయి?"

"అరవై."

"తప్పెవరిది? గదొక్కటి చెప్పు చాలు."

"నాది సార్. ఇరవై నాలుగు చూడాల్సి ఉండె, ఒక్కటే చూసి మిగిలినయి చూసినట్టు రాసిన. మేడం అడిగితే ఆపిన. రెండుసార్లు."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "రాసిస్తవా?"

"రాసే తెచ్చిన సార్. మూడు ప్రతులు."

"రిటైర్ అయ్యే ముందట మెమో వడ్తది మరి. ఇన్నేండ్లల ఒక్కటి లేదంటివి."

"పడనియ్యి సార్. అయిదో రోజు చదవనా?"

ఫోన్ మళ్ళీ మోగింది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, నా వేలు కింద ఉన్న పేజీని చూసి, పొడిగింపు కాగితం తన వైపు లాక్కుని ఒక్క గీతలో సంతకం పెట్టారు. "నువ్వు మాత్రం ఇగ సదువకు," అన్నారు లేస్తూ. బామ్మర్ది బిడ్డ సంగతి ఆ తర్వాత ఎత్తలేదు.

మెమో నాలుగు రోజులకు వచ్చింది. నా ఉద్యోగంలో అదొక్కటే. తీసి డైరీలో అంటించాను, ఈసారి కింద ఏమీ అచ్చు లేదని చూసుకుని. రిజిస్టర్‌లో ఇరవై మూడు జతల గీతలనూ ఎర్ర సిరాతో కొట్టివేసి, ప్రతి డాంగిల్‌నూ మేడం దగ్గర కూర్చుని చూసి, చిప్పు పేరు పూర్తిగా రాసి, పక్కన పొట్టి సంతకాలు చేశాను. పదమూడు ఒక పేరు, పదకొండు ఇంకో పేరు. మూతల గడి ఒకటి కొత్తగా గీసి, దొడ్డవి, సన్నవి అని ఆయమ్మ మాటల్లోనే రాశాను. గోడ మీద తొమ్మిదో నియమాన్ని నా చేత్తోనే చింపాను. నాలుగోది చింపే పని మేడం అడిగి మరీ చేశారు.

రిటైర్ అయిన రోజు శాలువా, దండ, ద్రాక్షపళ్ళ బుట్ట వచ్చాయి. మేడం కాగితంలో చుట్టిన ఒక పుస్తకం ఇచ్చి, ఇంటికి పోయాక విప్పమన్నారు. మరుసటి ఏడాది డైరీ. మొదటి పేజీలో ఆమె చేతిరాతలో ఒక్క వాక్యం ఉంది: "ఈ రోజు సార్ ప్రత్యేకంగా ఏమీ చేయలేదు." పేజీ తిప్పితే రెండో తారీకు కింద పెన్సిల్‌తో రెండు చిన్న గీతలు. మూడో తారీకు కింద రెండు. డిసెంబరు ఆఖరు దాకా, ఒక్క పేజీ కూడా వదలకుండా, నిట్టనిలువుగా. చివరి అట్టకు దారంతో ఒక రబ్బరు ముక్క కట్టి ఉంది.

ఆ ఏడాదంతా రోజూ కలం తీసే ముందు రబ్బరే తీయాల్సి వచ్చింది. చెరిపేముందు, ఇవాళ నిజంగా నిన్నటిలాగే గడిచిందా అని ఒకసారి వెనక్కి చూసుకునేవాణ్ణి. మార్చి నెలకల్లా రబ్బరు అరిగిపోతే ఇంకోటి కొనుక్కున్నాను.